క్లయింట్ కష్టాన్ని థెరపిస్టులు ఎలా అర్థం చేసుకుంటారు: కేస్ ఫార్ములేషన్, దశలవారీగా

ఇద్దరికి డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 16 స్కోరు వచ్చిందనుకోండి. కాగితం మీద చూస్తే ఇద్దరిదీ ఒకే తీవ్రత ఉన్న డిప్రెషన్. కానీ ఒకరు ఉద్యోగం పోయినప్పటి నుంచి గది దాటి బయటకు రావడం లేదు. ఇంకొకరు రోజూ ఆఫీసుకు వెళ్తున్నారు, అందరి పనీ నెత్తిన వేసుకుంటున్నారు, రాత్రి మాత్రం "నేనెందుకూ పనికిరాను" అనుకుంటూ పడుకుంటున్నారు. "ఏదో ఒక పనిలో ఉండండి" అనే సలహా మొదటివారికి మందులా పనిచేయొచ్చు. రెండోవారికి అది మరో బరువు.

ఐసీడీ-11, డీఎస్ఎం-5 లాంటి, నిపుణులు రోగనిర్ధారణకు వాడే వర్గీకరణలు సమస్యకు పేరు పెడతాయి. ఆ పేరు అవసరమే. ఏ చికిత్సకు ఎక్కువ ఆధారాలు ఉన్నాయో తెలిసేది, ఇద్దరు నిపుణులు ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగేది దానివల్లే. అయితే ఈ మనిషికే ఎందుకు వచ్చింది, ఇప్పుడే ఎందుకు వచ్చింది, ఎందుకు తగ్గడం లేదు అనే మూడు ప్రశ్నలకు ఆ పేరు జవాబు చెప్పదు. వాటికి థెరపిస్టు, క్లయింట్ కలిసి కట్టుకునే తాత్కాలిక వివరణనే కేస్ ఫార్ములేషన్ అంటారు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ప్రశ్న వెంటపడి బాల్యమంతా తవ్వుతారు. చికిత్సకు దారి చూపించేది ఎక్కువగా మూడో ప్రశ్నే. అందుకే ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణకు ఒక ఊహించిన క్లయింట్‌ను తీసుకుందాం. ఆమె వయసు 34, అకౌంట్స్ విభాగంలో పనిచేస్తారు, ఎనిమిది నెలల కింద టీమ్ లీడ్ అయ్యారు. "నిద్ర పట్టడం లేదండీ, ఎప్పుడూ టెన్షన్‌గానే ఉంటోంది" అంటూ వచ్చారు.

మొదటి దశ: సమస్యను ఒక్క సంఘటనలోకి దింపడం

"టెన్షన్" అనే మాటతో ఎవరూ పని చేయలేరు. అది గుండె దడ కావచ్చు, కోపం కావచ్చు, తెగని ఆలోచన కావచ్చు. కాబట్టి మొదటి పని జీవిత చరిత్ర అడగడం కాదు, ఈమధ్య జరిగిన ఒక్క సంఘటనను నిమిషం నిమిషం అడగడం.

"చివరిసారి బాగా టెన్షన్ పడింది ఎప్పుడో చెప్తారా?"

"మొన్న మంగళవారం. పై మేనేజర్‌కి ఒక మెయిల్ పంపాలి."

"ఎన్నింటికి రాయడం మొదలుపెట్టారు?"

"సాయంత్రం ఆరుకి. పంపేసరికి రాత్రి ఒంటిగంట అయింది."

"ఆ ఏడు గంటల్లో ఏం చేశారు?"

"చదవడం, మార్చడం, మళ్లీ చదవడం. ఒక అంకె తప్పేమోనని షీట్ మొత్తం మొదటి నుంచి చూశాను. రెండుసార్లు."

"పంపేశాక ఎలా అనిపించింది?"

"జవాబు వచ్చేదాకా కడుపులో తిప్పుతూనే ఉంది. పొద్దున 'ఓకే' అని వచ్చింది. ఒక అరగంట హాయిగా అనిపించింది. తర్వాత, ఈసారికి తప్పించుకున్నాలే అనుకున్నాను."

ఈ చివరి మాట దగ్గర థెరపిస్టు పెన్ను ఆగాలి. "నా పని బాగుంది" అని ఆమె అనుకోలేదు, "తప్పించుకున్నాను" అనుకున్నారు. జవాబు బాగానే వచ్చినా నమ్మకం మారలేదు. ఎందుకు మారలేదు అనేదే ఈ కేసు మొత్తానికి అసలు ప్రశ్న.

ఇలాంటి సంఘటనలు కనీసం రెండు మూడు తీసుకోవాలి. ప్రతిదాంట్లోనూ పరిస్థితి, ఆలోచన, భావం, శరీరంలో మార్పు, చేసిన పని అనే ఐదింటినీ విడదీసి రాసుకోవాలి. ఒకే రోజు జరిగిందాన్ని బట్టి కథ అల్లితే అది ఆ రోజు కథే అవుతుంది.

ఇంకో ప్రశ్న కూడా మొదటి సెషన్‌లోనే అడగాలి: "ఇది ఎన్నాళ్లుగానో ఉందంటున్నారు కదా, మరి ఇప్పుడే ఎందుకు రావాలనిపించింది?" చాలాసార్లు అసలు విషయం దీని జవాబులోనే బయటపడుతుంది. మా క్లయింట్ చెప్పింది ఇదీ: మూడు నెలల కింద మీటింగ్‌లో అందరి ముందూ ఒక తప్పు ఎత్తిచూపారు. అప్పటి నుంచే రాత్రులు మేలుకోవడం పెరిగింది.

రెండో దశ: ప్రాణాపాయం, శరీరం

ఈ రెండూ తేలేదాకా ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న దాని గురించే. అక్కడ సున్నా కాకుండా ఇంకేది వచ్చినా మొత్తం స్కోరు ఎంతో చూసి ఊరుకోకూడదు, అదే సెషన్‌లో వివరంగా మాట్లాడాలి. ఇంట్లో హింస ఉందా, పిల్లలకు ప్రమాదం ఉందా అన్నదీ ఇక్కడే కనుక్కోవాలి. ప్రమాదం ఉందని తేలితే భద్రతా ఏర్పాటే ముందు, ఫార్ములేషన్ తర్వాత.

శరీరం సంగతికొస్తే, థైరాయిడ్ తక్కువ పనిచేస్తే డిప్రెషన్‌లా కనిపించొచ్చు, ఎక్కువ పనిచేస్తే యాంగ్జయిటీలా కనిపించొచ్చు. రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, కెఫీన్, మద్యం, కొన్ని మందులు కూడా మనసు సమస్యను పోలిన లక్షణాలు తెస్తాయి. అనుమానం ఉంటే డాక్టరును కలవమనడానికి మొహమాటపడనక్కర్లేదు. మా క్లయింట్ రాత్రి పని కోసం సాయంత్రం ఆరు తర్వాత మూడు కప్పుల కాఫీ తాగుతున్నారు. నిద్ర పట్టకపోవడంలో దాని వాటా ఎంతో లెక్కలోకి తీసుకోకుండా మనసు లోతుల్లోకి దూకడం తొందరపాటే.

మూడో దశ: అవసరమైన చరిత్ర మాత్రం

చరిత్ర అడగడానికి ఒక కారణం ఉండాలి. "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే గంట గడిచిపోతుంది, చేతికి ఏమీ చిక్కదు. "తప్పు చేస్తే మీ ఇంట్లో ఏం జరిగేది?" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. ఆమె ఇలా అన్నారు: "తిట్టేవాళ్లు కాదండీ. రెండు మూడు రోజులు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు."

మాటలతో పాటు వేరే ఆధారాలూ ఉంటాయి. ప్రశ్నావళులు, వారం రోజుల డైరీ, క్లయింట్ ఒప్పుకుంటే దగ్గరివాళ్లతో సంభాషణ, గతంలో తీసుకున్న చికిత్సల వివరం. అన్నిటికంటే తేలిగ్గా తప్పిపోయే ఆధారం థెరపిస్టు కళ్ల ముందే ఉంటుంది: సెషన్‌లో క్లయింట్ నడవడి. ఈమె రెండుసార్లు "నేను సరిగ్గా చెప్తున్నానా?" అని అడిగారు. అరపేజీ డైరీ రాసుకు రమ్మంటే మూడు పేజీలు, కొట్టివేత ఒక్కటీ లేకుండా, రాసి తెచ్చారు. ఆఫీసులో నడుస్తున్నదే ఈ గదిలోనూ నడుస్తోంది. డైరీ చూసి "చాలా బాగా రాశారు" అని థెరపిస్టు మెచ్చుకుంటే, తెలియకుండానే అదే వలయంలో తానూ ఒక పాత్ర అయిపోతారు.

తన కష్టానికి క్లయింట్ తనే ఏ పేరు పెడుతున్నారు, ఏం కారణం చెప్పుకుంటున్నారు, తనవాళ్లు దాన్ని ఎలా చూస్తున్నారు అన్నదీ తప్పక అడగాలి. డీఎస్ఎం-5లో ఇందుకోసమే 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ ఉంది. క్లయింట్ వివరణను పక్కన పెట్టి మన వివరణను నెత్తిన రుద్దితే, మూడో సెషన్ తర్వాత వాళ్లు మళ్లీ రాకపోవచ్చు.

నాలుగో దశ: ఐదు గడుల్లో సర్దడం

పోగైన సమాచారాన్ని సర్దడానికి ఎక్కువమంది వాడేది ఐదు గడుల పద్ధతి.

- ఇప్పుడున్న సమస్య: రాత్రి ఒంటిగంట దాకా సరిచూసుకోవడం, నాలుగైదు గంటల నిద్ర, మీటింగుల్లో నోరు విప్పకపోవడం.
- ముందు నుంచీ ఉన్న అనువు: తప్పుకు శిక్షగా మౌనం దొరికిన ఇల్లు, కుటుంబంలో యాంగ్జయిటీ చరిత్ర.
- రాజేసినవి: ప్రమోషన్, ఆపై మీటింగ్‌లో ఎత్తిచూపిన తప్పు.
- కొనసాగిస్తున్నవి: వీటి సంగతి తర్వాతి దశలో.
- కాపాడుతున్నవి: ఏదైనా చెప్పుకోగల స్నేహితురాలు, హాస్య స్వభావం, జూనియర్లకు ఓపికగా నేర్పే గుణం.

చివరి గడిని మర్యాద కోసం నింపేసి మర్చిపోతుంటారు. కానీ అక్కడే ఒక ముఖ్యమైన సంగతి దొరికింది. జూనియర్ తప్పు చేస్తే ఈమె ఏమంటారని అడిగితే, "ఏముంది, సరిచేసి పంపించేయమంటాను" అన్నారు. అంటే తప్పును తప్పుగా మాత్రమే చూడటం ఆమెకు బాగా తెలుసు, తన విషయంలోనే అది వర్తించడం లేదు. రేపు చికిత్సలో పట్టు దొరికేది ఇక్కడే.

జార్జ్ ఎంగెల్ 1977లో ప్రతిపాదించిన బయోసైకోసోషల్ దృష్టిని ఈ గడులతో కలిపి వాడొచ్చు. ప్రతి గడిలోనూ శరీరం, మనసు, చుట్టూ ఉన్న పరిస్థితులు మూడూ వచ్చాయా అని ఒకసారి చూసుకుంటే చాలు. గడులు నిండినంత మాత్రాన ఫార్ములేషన్ తయారైనట్టు కాదు. ఇది జాబితా మాత్రమే. దేనివల్ల ఏది జరుగుతోందో ఇంకా తేలలేదు.

ఐదో దశ: విషవలయాన్ని గీయడం

అసలు పని ఇది. సమస్య ఎక్కడ మొదలైందన్నది ఒక సంగతి, ఇవాళ ఏది దాన్ని నిలబెడుతోందన్నది వేరే సంగతి. మొదటిది గతం, దాన్ని మార్చలేం. రెండోది రోజూ కొత్తగా జరుగుతోంది, కాబట్టి మార్చొచ్చు.

ఒక తెల్ల కాగితం తీసుకుని మంగళవారం సంఘటనను మళ్లీ నడపాలి. మెయిల్ పంపాలి, అది పరిస్థితి. "తప్పు దొరికితే నన్ను పనికిరానిదాన్ని అనుకుంటారు, దూరం పెడతారు", అది ఆలోచన. దడ, కడుపులో తిప్పడం, అది శరీరం. ఆపైన ఏడు గంటల సరిచూత. ఫలితంగా తప్పు దొరకలేదు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయాలి: తప్పు దొరకకపోవడానికి కారణం ఏమిటని ఆమె మనసు లెక్క వేసింది? "ఏడు గంటలు చూశాను కాబట్టే." ఘనత అంతా సరిచూతకు పోయింది. మామూలుగా రాసినా ఏమీ జరిగేది కాదు అని తెలుసుకునే అవకాశం ఆమెకు ఎప్పుడూ రాలేదు. "తప్పించుకున్నాను" అన్న మాటకు అర్థం ఇప్పుడు తెలిసింది కదా. భయపడే ప్రమాదం నుంచి కాపాడుతుందని చేసే ఇలాంటి పనులను భద్రతా ప్రవర్తనలు అంటారు. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ఇచ్చిన సోషల్ యాంగ్జయిటీ (నలుగురూ తనను ఎలా అంచనా వేస్తారోననే భయం) నమూనాలో వీటికి కీలకమైన చోటుంది. భద్రతా ప్రవర్తనలను పట్టుకోవడానికి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఆ పని చేయకపోతే ఏం జరుగుతుందని మీ భయం?"

ఒక్క వలయంతో ఆగకూడదు. ఈ కేసులో ఇంకో రెండు ఉన్నాయి. రాత్రి నిద్ర లేకపోవడం వల్ల మర్నాడు ఏకాగ్రత తగ్గి, నిజంగానే చిన్న చిన్న తప్పులు దొర్లుతున్నాయి, దాంతో సరిచూత ఇంకా పెరుగుతోంది. మూడోది మనుషుల మధ్య తిరిగేది: పని ఆలస్యమవుతుంటే మేనేజర్ "అయిందా?" అని అడుగుతున్నారు, ఆమె దాన్ని అపనమ్మకంగా తీసుకుంటున్నారు, మరింత జాగ్రత్తపడి మరింత ఆలస్యం చేస్తున్నారు. మేనేజర్ ప్రశ్నలు అప్పుడు ఇంకా పెరుగుతాయి.

దీనివల్ల అది జరుగుతోందని కాగితం మీద బాణం గుర్తు వేసిన ప్రతిచోటా "ఇది నాకు ఎలా తెలుసు?" అని రాసుకోవడం మంచి అలవాటు. క్లయింట్ నోటి మాటా, డైరీలో ఉన్నదా, లేక నా ఊహా? మూడోదైతే పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. ఒకే కేసును చూసిన థెరపిస్టులు కనిపించే సమస్యల జాబితాలో చాలావరకు ఏకీభవిస్తారు, లోపలి నమ్మకాల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. పరిశోధనల్లో పదే పదే తేలిన సంగతే ఇది. ప్రశ్నార్థకాలు ఎక్కువ ఉండాల్సిందీ అక్కడే.

ఆరో దశ: ఏ కళ్లద్దాలతో చూడాలి

పైన గీసింది ఎక్కువగా ఏరన్ బెక్ మొదలుపెట్టిన, ఆలోచనల మీద పనిచేసే కాగ్నిటివ్ థెరపీ దారి. మనసు లోపల అణగి ఉన్న భావాలను వెతికే సైకోడైనమిక్ థెరపిస్టు ఇదే క్లయింట్‌లో డేవిడ్ మలాన్ త్రికోణాలను చూస్తారు: అణచుకున్న భావం ఏది, దాంతో వచ్చే ఆందోళన ఏది, దాన్ని ఆపే రక్షణ ఏది, మేనేజర్‌తో, అమ్మానాన్నలతో, థెరపిస్టుతో ఒకే తీరు కనబడుతోందా? ఆమెకు మేనేజర్ మీద కోపం ఉందా, అది బయటపడకుండా మంచి పని చాటున దాక్కుంటోందా అనే ప్రశ్న ఆ దారిలోనే వస్తుంది. ఫ్యామిలీ థెరపిస్టు ఇంట్లో ఎవరు ఎవరితో ఎలా మెలుగుతున్నారో చూస్తారు.

శిక్షణలో ఉన్నవాళ్లకు నా సలహా ఏమిటంటే, ఒక దారిని ప్రధానంగా పట్టుకోండి, మిగతావి ప్రశ్నలు అడగడానికి వాడుకోండి. నాలుగు సిద్ధాంతాల పదాలు కలిపి రాసిన ఫార్ములేషన్ చదవడానికి గొప్పగానే ఉంటుంది, మర్నాడు సెషన్‌లో ఏం చేయాలో మాత్రం చెప్పదు.

ఏడో దశ: మీ కథకు మీరే ఎదురు నిలవడం

కథ బాగా కుదిరిందనిపించినప్పుడే అనుమానపడాలి. ఒకసారి నమ్మాక మనసు దానికి సరిపడే ఆధారాలనే ఏరుకుంటుంది. కాబట్టి కనీసం రెండు పోటీ వివరణలు కావాలనే రాయాలి.

ఇక్కడ మొదటి పోటీ వివరణ ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలతో అదే పని మళ్లీ మళ్లీ చేయించే సమస్య. ఇంట్లో తాళాలు, గ్యాస్ స్టవ్ కూడా ఇలాగే చూస్తున్నారా? లేదన్నారు, ఇతరులు తనను అంచనా వేసే చోటే సరిచూత ఉంది. రెండోది ఇంకా ముఖ్యం: పని భారం నిజంగానే మోయలేనంత ఉందేమో. అదే పదవిలో ఇంతకుముందు ఉన్నవాళ్లూ అర్ధరాత్రి దాకా కూర్చునేవారా? అలా అయితే సమస్యంతా ఆమె తలలోనే ఉందని చెప్పే ఫార్ములేషన్ తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా. లూసీ జాన్‌స్టన్, మేరీ బాయిల్ తదితరులు 2018లో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ ద్వారా వెలువరించిన పవర్ థ్రెట్ మీనింగ్ ఫ్రేమ్‌వర్క్ నొక్కి చెప్పేది ఇదే కోణం: మీలో లోపమేమిటి అని కాకుండా మీకు ఏం జరిగింది అని అడగమంటుంది. ఆ చట్రం మొత్తాన్ని ఒప్పుకోనివాళ్లకు కూడా ఈ ప్రశ్న పనికొస్తుంది.

ప్రతి కేసుకూ కొత్త సిద్ధాంతం కట్టాలనే ఉత్సాహానికి కూడా హద్దుండాలి. జర్మనీలో డీట్మార్ షుల్టె బృందం 1992లో ప్రచురించిన అధ్యయనంలో 120 మంది ఫోబియా క్లయింట్లను చూస్తే, ఒక్కొక్కరికి విడిగా రూపొందించిన చికిత్స కంటే భయపడేదానికి ఎదురుపడేలా చేసే, అందరికీ ఒకేలా ఇచ్చిన ఎక్స్‌పోజర్ చికిత్సే మెరుగ్గా నిలిచింది. సమస్య సరళంగా ఉండి, నిరూపితమైన చికిత్స చేతిలో ఉంటే దాంతోనే మొదలుపెట్టాలి. సమస్యలు కలగలిసిపోయినప్పుడు, మామూలు చికిత్స పారనప్పుడు లోతైన ఫార్ములేషన్ అక్కరకొస్తుంది.

ఎనిమిదో దశ: క్లయింట్ ముందు పెట్టడం

నిజానికి ఇది చివర్లో చేసే పని కాదు, ఐదో దశలో కాగితం ఇద్దరి మధ్యా ఉండాల్సిందే. అయినా రెండు నుంచి నాలుగు సెషన్ల లోపు ఒకసారి మొత్తం కలిపి చెప్పాలి. ఆంథనీ రైల్ రూపొందించిన కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీలో అయితే మొదటి కొన్ని సెషన్ల తర్వాత థెరపిస్టు ఏకంగా ఒక ఉత్తరమే రాసి చదివి వినిపిస్తారు.

"ఇప్పటిదాకా నాకు అర్థమైంది చెప్తాను. ఎక్కడైనా తప్పనిపిస్తే వెంటనే ఆపండి. చిన్నప్పుడు తప్పు చేస్తే మనుషులు దూరమయ్యేవారు. కాబట్టి తప్పు జరగకుండా చూసుకోవడం అప్పట్లో తెలివైన పనే. ఇప్పుడు అదే జాగ్రత్త రాత్రులను తినేస్తోంది, పైగా అది లేకపోయినా ఏం కాదని తెలుసుకునే వీలు లేకుండా చేస్తోంది. ఇందులో మీకు సరిపోనిది ఏదైనా ఉందా?"

"దూరమవుతారని కాదండీ... జాలిపడతారని. అది ఇంకా భరించలేను."

ఆ సవరణతో ఫార్ములేషన్ నిజంగా ఆమెది అయింది. వెంటనే కాగితం మీద మార్చాలి, ఆమె వాడిన మాటతోనే. "అవునండీ, అంతేనండీ" అని తలూపి ఊరుకుంటే సంతోషపడనక్కర్లేదు, ముఖ్యంగా ఎదుటివారిని మెప్పించే అలవాటున్న క్లయింట్ అయితే. ఒక్కోసారి తమ వలయాన్ని కాగితం మీద చూసి కుంగిపోయేవాళ్లూ ఉంటారు. అప్పుడు ఒక్క వలయం చూపితే చాలు, కాపాడుతున్నవాటిని ముందు చెప్పాలి.

తొమ్మిదో దశ: పరీక్షించడం, దిద్దుకోవడం

ఫార్ములేషన్ సరైనదైతే, వలయంలో ఒక చోట తెంపినప్పుడు ఏం జరగాలో ముందే చెప్పగలగాలి. ఈ వారం మూడు మామూలు మెయిళ్లు ఒక్కసారి మాత్రమే చదివి పంపాలి. పంపే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నారో రాసుకోవాలి. తర్వాత ఏం జరిగిందో రాయాలి. ఒక మెయిల్‌లో అక్షర దోషం దొర్లినా ఎవరూ పట్టించుకోలేదని తేలి, ఆమె నమ్మకం సడలితే వలయం సరిగ్గా గీసినట్టే. జవాబులు బాగానే వచ్చినా భయం అంగుళం కదలకపోతే గీత తప్పు. అప్పుడు క్లయింట్ సహకరించడం లేదని రాసుకోకుండా, జాలి గురించి ఆమె అన్న మాట దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

మెరుగవుతున్నారా లేదా అన్నది థెరపిస్టు కంటి అంచనాకు వదలకూడదు. హానన్, లాంబర్ట్ తదితరులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో 550 మంది క్లయింట్లలో 40 మంది పరిస్థితి దిగజారింది. థెరపిస్టులు ముందుగా సరిగ్గా గుర్తించింది వాళ్లలో ఒక్కరినే. అందుకే పీహెచ్‌క్యూ-9, యాంగ్జయిటీని కొలిచే జీఏడీ-7 లాంటి చిన్న ప్రశ్నావళులను క్రమం తప్పకుండా నింపించాలి. వాటితో పాటు ఈ క్లయింట్‌కే చెందిన ఒక కొలత ఉండాలి, ఉదాహరణకు రాత్రి ఎన్నింటికి లాప్‌టాప్ మూశారు అన్నది. నాలుగైదు సెషన్లలో ఏదీ కదలకపోతే సూపర్‌వైజర్ (తన పనిని చూసి సలహా ఇచ్చే అనుభవజ్ఞుడైన థెరపిస్టు) ముందు కాగితం పరిచి, ఏ బాణం పక్కన ఆధారం బలహీనంగా ఉందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

దిద్దిన ప్రతిసారీ తేదీ వేసి పాత ప్రతిని ఉంచుకోండి. క్లయింట్ తన ఫైల్ అడిగి చదవొచ్చు కాబట్టి, ఆమె ముందు పైకి చదవలేని మాట ఏదీ అందులో ఉండకూడదు. చికిత్స ముగిసే ముందు చివరి ప్రతిని ఆమెకే ఇచ్చి, కింద రెండు వరుసలు ఆమె చేతే రాయించండి: వలయం మళ్లీ మొదలవుతోందని తెలిపే మొదటి గుర్తు ఏది, అది కనిపించిన వారంలోనే చేయాల్సిన మొదటి పని ఏది.